బాయిలర్ వెనక గుంట

మిర్యాలగూడ,
మార్చి.

మనూ,

నీ వదిన ఆండాళు రాస్తోంది, ఎవరో అనుకునేవు. ఫోన్ చేస్తే "ల్యాబ్ల ఉన్న వదినా, మళ్ల జేస్త" అంటావు. ఆ మళ్ల ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకే ఈ కాగితాన్ని చింతకాయ తొక్కు సీసాతో కలిపి కోదాడ బస్సుకు పార్సిల్ వేయిస్తున్నాను. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా.

ఇక్కడ అందరం ఉన్నాం. మీ అన్నకు బీపీ ఉంది, నాకు మోకాళ్లున్నాయి. మిల్లులో పని పలచగా నడుస్తోంది, యాసంగి వడ్లు దిగితే గానీ ఊపు రాదు. నీ గుంట మాత్రం బాగుంది. వడ్లు నానబెట్టే తొట్ల నుంచి మరిగే నీళ్లు వచ్చి పడే చోట పసుపుపచ్చటి జిగురు ఎప్పటిలాగే పేరుకుంది, కంపు కూడా ఎప్పటిలాగే ఉంది. పక్క ప్లాటు వాళ్లు మళ్లీ గొడవకొచ్చారు. మీ అన్న "పూడ్చిపారేస్తే పీడ పోతది" అన్నాడు. "అది నీ చెల్లె ఆస్తి, ముట్టుకుంటే నేను ఊకోను" అన్నాను. అబద్ధమా? మీ నాన్నగారి పొలంలో నువ్వు వాటా అడగలేదు. ఆ గుంటలో చెంచాడు జిగురు అడిగావు. కొత్త బాయిలర్ పూజ రోజు పట్టుచీర కట్టుకుని దాని ముందు గొంతుక్కూర్చుని నువ్వు సీసాలోకి ఎత్తుకుంటుంటే చుట్టాలంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ జిగురులో ఉన్న నీ పురుగు సంగతి ఈ ఎండాకాలంలో తేలిపోతుందన్నావు. ఏమైంది? తిన్నావా అని అడగను, తిని ఉండవు.

మీ వదిన

—

సూర్యాపేట,
ఏప్రిల్ మొదట్లో.

వదినా,

తొక్కు అందింది. కోదాడ బస్టాండులో పార్సిళ్లిచ్చే యేసయ్య సీసాను తిప్పి చూసి "ఏం మేడం, ఈసారి మీ వదినగారు బురద ఫ్లాస్కు పంపలేదు, తొక్కు పంపారు. మీకు ప్రమోషన్ వచ్చిందా?" అన్నాడు. నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది.

రోజూ సూర్యాపేట నుంచి కోదాడకు, కోదాడ నుంచి సూర్యాపేటకు. మునగాల రాకముందే కళ్లు మూతపడతాయి, కండక్టర్ లేపితే దిగుతున్నాను. ఇంటికొచ్చి పడుకుంటే మాత్రం నిద్ర రాదు.

దాన్ని పురుగు అనకు వదినా, కంటికి కనిపించనంత చిన్నది. బట్టలు నేసే ముందు నూలుకు గంజి పెడతారు. నేశాక ఆ గంజిని వదలగొట్టాలి. గంజిని కొరికి వదిలించే పదార్థమే ఎంజైమ్. మామూలు ఎంజైమ్ మరిగే నీళ్లలో వేస్తే గుడ్డు సొనలా గడ్డకట్టి ఎందుకూ పనికిరాదు. మన గుంటలో పుట్టిన జీవి ఇచ్చే ఎంజైమ్ ఆ వేడిలోనే పని చేస్తుంది. మా కంపెనీ యజమాని నవీన్ వానలు మొదలయ్యేదాకా గడువిచ్చాడు. ఆలోగా పెద్ద ట్యాంకులో తీసి చూపించి, కొనేవాళ్ల చేత సరే అనిపిస్తే మా ల్యాబ్ ఉంటుంది. లేదంటే బయటి దేశం సరుకు తెప్పించి, మా లేబుల్ అంటించి అమ్ముతారు. నాదని చెప్పుకోవడానికి నాకున్న పని ఇదొక్కటే. అది పోతే లేబుళ్లు సరిగ్గా అంటాయో లేదో చూసే మనిషిగా మిగులుతాను.

కొనాలనుకుంటున్న బట్టల కంపెనీ వాళ్లు ఈ నెలాఖరులో వస్తున్నారు. ఆ జీవి పుట్టిన చోటు చూడాలట. మిర్యాలగూడ తీసుకొస్తాను. ఆ రోజు బాయిలర్ ఆపకుండా చూడండి. గుంటలో కొంచెం జిగురు కూడా నేనే తీసుకుంటాను, ఊరికే. ఇక్కడ అంతా బాగానే ఉంది.

మనస్విని

—

మిర్యాలగూడ,
మే మొదటి వారం.

మనూ,

మీ వాళ్లు క్షేమంగా చేరారా? నాకింకా కడుపు నిండినట్టే ఉంది. బట్టల కంపెనీ పెద్దాయన నాతో ఏమన్నాడో విన్నావా? "ఎన్నో రైస్ మిల్లులు చూశాం అమ్మా, డ్రైనేజీ గుంట ఇంత నీట్‌గా ఉన్న మిల్లు చూడలేదు" అన్నాడు. మీ అన్న మీసం దువ్వుకున్నాడు. గుంట పక్కన అందరినీ నిలబెట్టి ఫొటోలు కూడా తీశారు.

నీట్‌గా ఉండక ఏం చేస్తుంది? మన మిల్లు పనివాడు సైదులును పక్కన పెట్టుకుని నేనే దిగాను. వాడు ఇనుప పారతో గీకాడు, నేను పొరకతో రుద్దాను. బ్లీచింగ్ పౌడర్ బస్తా అయిపోయింది. అంచులకు సున్నం వేయించి, చుట్టూ ముగ్గేసి, నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టాను. సైదులు "గుంటకు గృహప్రవేశమా అమ్మా" అని ఒకటే నవ్వు. పక్క ప్లాటు వాళ్లు కూడా వచ్చి చూసి, వాసన పోయిందని సంతోషపడ్డారు.

నువ్వే బాగా కనిపించలేదు. గుంట ముందు చెంచా పట్టుకుని అలాగే కూర్చుండిపోయావు. నాటుకోడి వండించాను, ముట్టుకోలేదు. తలనొప్పి అన్నావు. ఎండదెబ్బ కాదు కదా? మజ్జిగ తాగు, ఉల్లిపాయ దగ్గర పెట్టుకో.

కొనేవాళ్లు ఏమన్నారో రాయి. ఆ శుభవార్త ముందు నాకే చెప్పాలి.

మీ వదిన

—

కోదాడ,
మే.

వదినా,

తీరిక లేదు, కొంచెమే రాస్తున్నాను. సైదులును అడిగి చెప్పు. గీకిన జిగురు ఎక్కడ పోశారు? తడిగా ఉందా, ఎండిపోయిందా? గుంటలోకి నీళ్లొచ్చే పైపు లోపలి వైపు కూడా కడిగారా? పైపు లోపల ఏమైనా మిగిలిందా, వేలు పెట్టి చూడమను. బ్లీచింగ్ ఒక్కసారే వేశారా, మళ్లీ వేశారా?

దొరికింది ఎంతైనా సరే, ఫ్లాస్కులో వేడి నీళ్లు పోసి అందులో వేసి వెంటనే పంపు. చల్లారనివ్వొద్దు.

మనస్విని

—

మిర్యాలగూడ,
మే.

మనస్వినీ,

పోలీసు వాళ్లు అడిగినట్టు అడిగావు. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను.

గీకినదంతా ఊక కుప్ప పక్కన ఎండలో పోశాడట. ఇప్పుడది చిప్పల్లా చిట్లిపోయింది, చేత్తో నలిపితే పొడవుతోంది. పైపు కూడా కడిగాం. నువ్వు తీసుకొచ్చే మనుషులకు పైపులోంచి పాచి వేలాడుతూ కనిపిస్తే బాగుండదని కట్టెకు గుడ్డ చుట్టి లోపలిదాకా పొడిపించాను. బ్లీచింగ్ రెండుసార్లు వేశాం. మొదటిసారికి వాసన పోలేదు.

ఆ చిప్పలే ఫ్లాస్కులో వేసి పంపుతున్నాను. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఒకటే పరేషాన్‌గా ఉంది. నేనేం చేశాను మనూ? సూటిగా చెప్పు. మీ అన్న ఎదురుగా లేడు, ఎవరికీ చెప్పను.

వదిన

—

సూర్యాపేట,
మే నెలాఖరు.

వదినా,

చిప్పల్లో ఏమీ లేదు. చచ్చిపోయింది.

సూటిగా అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఉగాది సెలవుల్లో మా కంపెనీలో కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. అందరం ఇళ్ల దగ్గర పచ్చడి తాగుతున్నాం. తిరిగొచ్చేసరికి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, నిద్రపుచ్చి దాచిన అసలు సీసాలన్నీ కరిగి పాడైపోయాయి. కొన్ని జీవులు విత్తనంలా గట్టి పెంకు కట్టుకుని ఏళ్ల తరబడి పడి ఉంటాయి. మనదానికి ఆ విద్య లేదు. మరిగే నీళ్లలో హాయిగా ఉంటుంది, ఒకసారి మేలుకున్నాక చల్లబడినా ఎండినా తట్టుకోలేదు.

రోజూ వాడే గొట్టాల్లో కొంత మిగిలింది. అది బతికే ఉంది. కానీ పని మానేసింది. ఏళ్ల తరబడి చక్కెర పెట్టి పెంచాం కదా, సులువైన తిండికి అలవాటు పడి గంజిని కొరకడం వదిలేసింది. పెరుగుతుంది, పిల్లల్ని పెడుతుంది, ఎంజైమ్ మాత్రం ఇవ్వదు. ఇదివరకు అలా అయినప్పుడల్లా ఫ్రీజర్‌లో ఉన్న అసలుదాన్ని తీసేవాళ్లం. ఇప్పుడు అసలుది నీ గుంటలో ఒక్కచోటే ఉంది. ఉండేది.

ఈ సంగతి నవీన్‌కు చెప్పలేదు. ఫ్రీజర్ నా బాధ్యత. నెలాఖరుకు ఎలాగూ వస్తున్నాను కదా, ఎవరికీ తెలియకుండా చెంచాడు తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు అనుకున్నాను. అందుకే నీకు 'ఊరికే' అని రాశాను. నీకు నిజం రాస్తే అన్నకు తెలుస్తుంది, అన్న ఫోన్ చేసి పరామర్శిస్తాడు. ఆ పరామర్శ వినే ఓపిక లేకపోయింది.

చుట్టాలొస్తున్నారంటే మన ఇంట్లో ఏం చేస్తారో నాకు తెలియదా? వాకిలి కడుగుతారు. ఆ మాత్రం నాకు తట్టలేదు. గుంట చుట్టూ ముగ్గు చూసినప్పుడు నా చెంచాకు ఇక ఏమీ మిగల్లేదని తెలిసింది. నీ మీద చాలా కోపం వచ్చింది వదినా. బస్సులో ఏడ్చాను. దాచడం దేనికి, ఇప్పటికీ కొంచెం కోపం ఉంది.

మనస్విని

—

మిర్యాలగూడ,
జూన్.

మనస్వినీ,

నీకు కోపం ఉంటే నాకు లేదా? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. చెప్పనిదే వదినకు ఎలా తెలుస్తుంది? ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. 'వదినా, ఆ గుంట ముట్టుకోకు, నా ప్రాణం అందులో ఉంది' అని రాసుంటే కర్ర పట్టుకుని దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. మీ అన్ననైనా అటు రానిచ్చేదాన్ని కాదు. ఊరికే అని రాశావు. ఊరికే అన్నదానికి ఎవరైనా కాపలా కాస్తారా? అంత చదువు చదివి, అంత పొగరు దేనికి నీకు?

తిట్టడం అయిపోయింది. ఇక విను.

మన మిర్యాలగూడలో మిల్లులు తక్కువా? ప్రతి మిల్లుకూ బాయిలర్ ఉంది, ప్రతి బాయిలర్ వెనకా ఒక మురికి గుంట ఉంది. ఫ్లాస్కులు సంచిలో వేసుకుని గేటు గేటుకూ వెళ్తున్నాను. మొదట మీ అన్న "చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటున్నవ్" అని గొణిగాడు. మర్నాడు అడగకుండానే కారు తీశాడు. నేను లోపలికి పోతే ఆయన కారులోనే కూర్చుంటాడు, సిగ్గు.

నిజంగానే సిగ్గుపడాల్సిన పని ఇది. ఒక మిల్లు ఓనరు "ఏంది ఆండాళమ్మా, మా మోరీ నీళ్లతోని చారు పెడ్తవా?" అన్నాడు. "చారు కాదు, మా ఆడిబిడ్డకు మందు" అన్నాను. ఇంకొకాయన నేను కాలుష్యం వాళ్లకు ఫిర్యాదు చేయడానికి నీళ్లు పట్టుకుపోతున్నానని అనుమానపడి గేటు వేయించాడు. ఆయన భార్యను పట్టుకుని, వంటింట్లోంచి వెనక్కి పోయి తెచ్చాను.

ప్రతి ఫ్లాస్కు మీదా ఏ మిల్లుదో రాసిన చీటీ అంటించాను. ఏదో ఒక గుంటలో నీది ఉంటుంది. ఉండాలి.

వదిన

—

కోదాడ,
జూలై.

వదినా,

ఫ్లాస్కులన్నీ చూడటం అయిపోయింది. ఏ ఒక్కదాంట్లోనూ లేదు.

వాటిలో ఒకటి మాత్రం ఆశ పెట్టింది. పసుపుపచ్చగా పెరిగింది, గంజిని కూడా కొరికింది. ఆ రెండు రోజులూ అన్నం రుచిగా అనిపించింది. వేడి పెంచుకుంటూ పోయాను. బట్టల మిల్లుకు కావాల్సిన వేడి ఇంకా చాలా దూరంలో ఉండగానే గడ్డకట్టి తెల్లటి పీచులా అడుగున పడిపోయింది. దాన్ని చూస్తూ అలాగే నిలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు.

ఎండిన మొహంతో ఎన్ని రోజులు నటించను? మొన్న నవీన్ గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాను. ఫ్రీజర్, గొట్టాలు, గుంట, ముగ్గు, ఏదీ దాచలేదు. అరుస్తాడనుకున్నాను. "ముందే చెప్పుంటే బావుండేది కదండీ మేడం" అన్నాడు. నువ్వన్న మాటే. అతని గొంతులో కూడా ఓపిక లేదు, పాపం. బట్టల కంపెనీ వాళ్లకు తనే ఫోన్ చేసి వద్దని చెప్పాడు.

వచ్చే నెల నుంచి మా ల్యాబ్ గదిలో బయటి సరుకు డబ్బాలు పెడతారు. నన్ను తీసేయలేదు. డబ్బాల నాణ్యత చూడమన్నారు. నాతో పనిచేసే నిఖిత హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుంది. గాజు సామానంతా కడిగి అట్టపెట్టెల్లో సర్దాం.

ఇక ఎవరి గేటు ముందూ నిలబడకు. అన్నకు కూడా చెప్పు. నాకు కోపం పోయింది. కోపానికి కూడా బలం కావాలి కదా.

మనూ

—

మిర్యాలగూడ,
జూలై నెలాఖరు.

మనూ,

నీ ఉత్తరం చదివి దేవుడి దగ్గర పెట్టాను. చింపబుద్ధి కాలేదు, దాచుకోబుద్ధీ కాలేదు.

ఒకటే అడుగుతాను. ఆ గుంటను మళ్లీ అలాగే వదిలేస్తే అది తిరిగొస్తుందా? ఎన్నేళ్లు పడుతుంది? మిల్లుకు పని లేని రోజుల్లో కూడా బాయిలర్ వెలిగించి వేడి నీళ్లు వదిలిస్తున్నాను. మీ అన్న "ఊక ఊరికే వస్తున్నదా" అని అరిచాడు, నేను వినలేదు. రోజూ పొద్దున్నే పోయి చూస్తున్నాను. సున్నం పెచ్చులూడుతోంది. పసుపు రంగు ఎక్కడా లేదు.

సైదులు నా మొహం చూసి "అమ్మా, నేను గట్టిగ గీకిన, తప్పు నాదే" అన్నాడు. వాడి తప్పేముంది. తిండి సయించడం లేదు మనూ. పొరక చేతిలోకి తీసుకుంటే చాలు, అదే గుర్తొస్తోంది.

వదిన

—

సూర్యాపేట,
ఆగస్టు.

వదినా,

నీకు ఒక సంగతి చెప్పాలి, శ్రద్ధగా చదువు.

ల్యాబ్ ఖాళీ చేస్తుంటే, జనవరిలో నువ్వు పంపిన ఫ్లాస్కు తాలూకు ఫలితాలు బయటపడ్డాయి. అప్పుడు పని ఒత్తిడిలో వాటిని సరిగ్గా చూడలేదు. ఇప్పుడు కూర్చుని చూశాను. ఆ జిగురులో మనది లేదు. వేరే రకం ఏదో వచ్చి దాని చోటు ఆక్రమించింది. ఇలా జరుగుతూనే ఉంటుంది. అంటే నువ్వు గుంట కడిగేనాటికే అది అక్కడ లేదు. నువ్వు కడగకపోయినా నేను ఖాళీ చెంచాతోనే తిరిగి వచ్చేదాన్ని.

కాబట్టి నీ వల్ల ఏమీ పోలేదు. బాయిలర్ ఆపించు, అన్నను అరిపించకు. సైదులుకు కూడా చెప్పు. అన్నం తిను.

నేను బాగానే ఉన్నాను. కొత్త పని కష్టమేమీ కాదు. రోజూ త్వరగా ఇల్లు చేరుతున్నాను, కొంచెం నిద్ర కూడా పడుతోంది.

మనూ

—

మిర్యాలగూడ,
ఆగస్టు.

మనూ,

ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించాను. "అట్లయితే నీ తప్పేం లేదు గదనే. ఇగ తిను" అన్నాడు. నాకంటే ఆయనే ఎక్కువ తేలికపడ్డాడు. సైదులును పిలిచి వాడికీ చెప్పాడు. వాడు దండం పెట్టి ఏడ్చాడు. వాళ్లిద్దరూ నమ్మారు.

నేను నమ్మలేదు. జనవరి నెలంతా నేను నీ మేనకోడలు దీప్తి కాన్పుకు ఖమ్మంలో ఉన్నాను. నేను లేకుండా ఆ గుంటలో చెయ్యి పెట్టి నీకు ఫ్లాస్కు పంపే మనిషి ఈ మిల్లులో లేడు. బారసాలకు వచ్చి గడియారం చూసుకుంటూ కూర్చున్నావు కదా, నేనెక్కడున్నానో నీకేం గుర్తుంటుంది? అబద్ధం ఆడటానికి కూడా చుట్టాల కార్యాలు గుర్తుండాలి తల్లీ.

అది నా చేతుల్లోనే పోయింది. నీకు తెలుసు, నాకు తెలుసు. నీ పని పోయి, నీ గది పోయి, ఒంట్లో ఓపిక పోయి, అయినా కూర్చుని నా కోసం ఇంత ఉత్తరం కల్పించి రాశావు. అది తలుచుకుని బాగా ఏడ్చాను. తర్వాత అన్నం తిన్నాను. బాయిలర్ ఆపించాను.

నేనూ ఒకటి చెప్తాను. ఆ వచ్చినవాళ్ల కోసం నేను గుంట కడగలేదు. వాళ్లు ఎవరో నాకేం తెలుసు? నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నువ్వు స్కూలుకు పోయే పిల్లవు. ఇన్నేళ్లలో నువ్వేం చేస్తావో చూద్దామని మీ అన్న గానీ నేను గానీ ఒక్కనాడు కోదాడ రాలేదు. బురద ఎత్తుకుపోతుందని నవ్వాం. నీ పని చూడటానికి ఎవరో కారేసుకుని మన గడపకు వస్తున్నారని రాశావు చూడు, ఆ రోజు నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇల్లంతా తిరిగాను, ఏం చేయాలో తోచలేదు. నీ చదువు గురించి నాకేం తెలుసని వాళ్లతో మాట్లాడను? నాకొచ్చిన పని ఒక్కటే మనూ, కడగడం. అందుకే పనివాళ్లకు వదిలేయకుండా నేనే దిగి, నా చేతులతో కడిగాను.

వదిన